పదమూడుకూ అర అంగుళానికీ మధ్య

నేను ఒక స్పానర్‌ని. పదమూడు మిల్లీమీటర్ల దాన్ని. జలంధర్‌లో ఎర్రగా కాల్చి, సాగగొట్టి, ఒంటి మీద ఆ అంకె పొడిచి పంపేశారు. దానికి తగిన నట్టే ఎదురవుతుందని లోకాన్ని నమ్మారు, పాపం.

నేను చేరింది నిజాంపట్నం రేవులోని ఐసు ఫ్యాక్టరీకి. అక్కడి మిషను అమెరికాలో పుట్టి, అక్కడ ముసలిదై, ఇక్కడికి కొత్తదిగా దిగింది. దాని నట్లన్నీ అర అంగుళానివి. నాకంటే నాలుగు వెంట్రుకల మందం తక్కువ. పెద్ద పెద్ద దేశాలు వ్యాపార ఒప్పందాల మీద సంతకాలు చేసుకుని, శాలువాలు కప్పుకుని ఫొటోలు దిగాయి. ఈ నాలుగు వెంట్రుకల సంగతి మాత్రం మెకానిక్ బాజీకి వదిలేశాయి.

అర అంగుళం స్పానర్ కావాలని బాజీ మేనేజరు రత్నాజీని అడిగాడు. గుంటూరు బజారులో కొనొచ్చుగా అంటారా? కంపెనీ అన్నాక పద్ధతి ఉండొద్దూ! రత్నాజీ హైదరాబాదు ఆఫీసుకు రాశాడు. అక్కడి కంప్యూటరు అంగుళాలు ముట్టదట. మిల్లీమీటర్లలోకి మార్చి, మధ్యలో చిల్లర ఎందుకని పూర్తి అంకె చేసి, కొత్త స్పానర్ పంపారు. పదమూడుదే. నాకు తమ్ముడొచ్చాడు.

"సర్దుకో బాజీ, కొద్దిగే కదా తేడా," అన్నాడు రత్నాజీ.

ఒక మిట్టమధ్యాహ్నం నాంచారమ్మ బోటు నిండా రొయ్యలతో వచ్చింది. ఆమెకు ఉన్నది ఆ ఒక్క బోటే. ఏడాదంతా వట్టి వలలతో తిరిగొచ్చిన బోటు. సరుకును అమెరికాకు పంపే కంపెనీ లారీ రేవులో నిలబడి ఉంది. ఐసులో పెట్టిన రొయ్యలైతేనే ఎక్కించుకుంటుంది. సరిగ్గా అప్పుడే మిషనులో వాల్వు ఇరుక్కుంది. నాలుగు నట్లున్న మూత విప్పాలి.

"తొందరగా కానియ్ బాజీ, సరుకు మెత్తబడిపోతంది!" నాంచారమ్మ బుట్టల మీద తడి గోనెలు కప్పుతూ అరిచింది.

"అయిపోతదక్కా, కాసేపు."

బాజీ నూనె డబ్బా రేకు కత్తిరించి నాకూ నట్టుకూ మధ్య దూర్చాడు. అంతర్జాతీయ సమస్యకు మా రేవు పరిష్కారం అది. మూడు నట్లు ఊడాయి. నాలుగోదాని మీద జారాను. మళ్లీ జారాను. ఆరు మూలల నట్టు అరిగి గోలీకాయలా అయింది. నాకు సిగ్గేసింది.

ఉలి తెచ్చి దాన్ని నరికేసరికి లారీ వెళ్లిపోయింది. అమెరికా మిషనును విప్పలేక, అమెరికా అడిగిన రొయ్యలు రేవులోనే పాడయ్యాయి. రత్నాజీ నన్ను బయటికి విసిరేశాడు. తప్పు ఎవరో ఒకరిది కావాలి కదా.

"ఎంత తేడా అంట?" అడిగింది నాంచారమ్మ.

బాజీ రెండు వేళ్లు దగ్గరగా పెట్టి చూపించాడు. ఆమె ఆ వేళ్ల వంక చూసింది. తర్వాత నన్ను ఏరుకుని పోయి, రొయ్యలను పట్టా మీద ఎండబోసి, అంచు ఎగరకుండా నన్ను పెట్టింది. ఈ ఉద్యోగంలో నా కొలత ఎవరూ అడగలేదు.

రొయ్యలు ఎండాక కోళ్ల మేత కొనే ఆసామి వచ్చి, కుప్పను కాలితో కదిపాడు.

"కిలోల్లో తూయమంటావా, బస్తాల లెక్కనా?"

"ఏ లెక్కయినా ఒకటేలేవయ్యా," అంది నాంచారమ్మ. "ఎత్తుకుపో."