నీల చెప్పేదాకా

"నీ మొగుణ్ని ఇయ్యాల మాపటికి సంఘం ముందట నిలవెడ్తున్నరు బిడ్డా. ఇగ నీ కష్టాలు తీరినయనుకో."

పక్కింటి లసుమవ్వ గడపలో నిలబడి ఈ మాట అనేసరికి, నీల చేతిలో రాట్నం ఆగిపోయింది. మగ్గానికి కావాల్సిన నూలు కండెలు చుట్టడం ఆమె పని. నేసిన చీర మాత్రం మొగుడిది. 'పరశురాములు నేసిండు' అనే సిరిసిల్ల అంగట్లో అంటారు.

ఏం కష్టాలు అని అడగాలనుకుంది. ఏ మాటైనా ఆమె లోపల ఓసారి నిలబడి, చుట్టూ చూసుకుని గానీ బయటికి రాదు. అది వచ్చేలోగా లసుమవ్వ కొంగుతో కళ్లొత్తుకుని వెళ్లిపోయింది.

జగిత్యాల, సిరిసిల్ల వైపు ఊరూరా రైతుకూలీ సంఘాలు లేచిన రోజులవి. దొరతో పేచీ అయినా, ఆలుమగల తగువైనా ఠాణాకు పోకుండా సంఘం ముందుకే వచ్చేది. పెళ్లాన్ని కొట్టినవాడితో నలుగురిలో ముక్కు నేలకు రాయించేవాళ్లు. చందుర్తిలో ఒకడితో అలాగే రాయించారు. ఆ మనిషి మళ్లీ చౌరస్తాకు రాలేదు.

కానీ పరశురాములు ఎన్నడూ నీల మీద చెయ్యెత్తలేదే! ఈ పుకారు ఎక్కడ పుట్టింది?

వెతికితే కోరుట్ల పెళ్లి దగ్గర దొరికింది. పోయిన వారం ఆడబిడ్డ కూతురి పెళ్లికి కోడికూత వేళ లేచి, బంతులకు బంతులు వడ్డించి, ఎవరెవరివో పిల్లల్ని ఎత్తుకుని, పలకరింపులకు నవ్వి నవ్వి, చివరికి నీల గొడ్లకొట్టం వెనకకు పోయి కూర్చుంది. బావిలో నీళ్లన్నీ తోడేస్తే మళ్లీ ఊరేదాకా ఆగాలి కదా, అలాంటి కూర్చోవడం. పెళ్లికొచ్చిన లసుమవ్వ వెతుక్కుంటూ వచ్చి, "గిట్ల ఒక్కదానివే కూసున్నవేంది? కొడుతుండా?" అంది. ఆ ప్రశ్న నీలకు వింతగా తోచింది. కొట్టాలంటే కాసేపైనా నోరు మూసుకోవాలి, పరశురాములు వల్ల అవుతుందా అని లోపల నవ్వుకుంటూ జవాబు వెతుకుతోంది. లసుమవ్వ ఆగలేదు. "సాలు బిడ్డా, సమజైంది" అని వెళ్లిపోయింది.

కబురందుకున్న పరశురాములు ఉరుకుతూ వచ్చాడు. "నేను నిన్ను కొట్టిన్నా? చెప్పు! కొట్టలే గద? ఎందుకు కొడుత? నాకేమన్న పిచ్చా? నువ్వు చెప్పినవా వాళ్లకు? నువ్వెందుకు చెప్తవ్, నీకు నోరే లేకపాయె!"

అడిగినవన్నీ ఆమెనే, జవాబులన్నీ తనవే. నీల అతణ్ని కొత్తగా చూసింది. అంగడి నుంచి అందరూ వాడిపోయి వస్తే ఇతనొక్కడు నీళ్లు తాగిన ఎద్దులా వస్తాడు. మంది ఇతనికి మేత. ఆ మందే నీలను తినేస్తుంది. 'మా నీలకు వంకాయ నచ్చది', 'మా నీల ఎక్కడికీ రాదు' అని ఊరికి చెప్పేది ఇతనే. వంకాయ ఆమెకు ప్రాణం. అత్తేమో "మూగమొద్దును తెచ్చుకుంటిమి" అనేది. ఇన్నేళ్లూ మొగుడి మాటలన్నీ గర్వమనుకుంది నీల. ఇవాళ చూస్తే అతని పెదవులు వణుకుతున్నాయి.

"భయమైతె ఎక్కువ మాట్లాడుతవా?" అంది.

అతను మగ్గం పక్కన కూలబడ్డాడు. "నువ్వు సప్పుడు జెయ్యకుంటె నాకు బాయిల వడ్డట్టుంటది నీలా. కోపమొచ్చిందేమో, నన్ను ఇడిసి పోతవేమో అని. గందుకే నీ మాటలు గూడ నేనే మాట్లాడుత."

ఇద్దరూ ఒకే నిశ్శబ్దంలో ఉన్నారు. ఆమెకు అది నీడ, అతనికి బావి. ఇంతకాలం ఈ సంగతి తెలియకుండానే కాపురం నడిచిందా?

సాయంత్రం బడి ముందు ఊరంతా కూడింది. సంఘం పెద్ద మల్లేశం పాతికేళ్లవాడు, గొంతు మాత్రం గట్టిది. పరశురాములు మొదలుపెట్టాడు. ఒట్లు పెట్టాడు, సామెతలు చెప్పాడు, మధ్యలో జోకు కూడా వేశాడు. అతను మాట్లాడే కొద్దీ జనం ముఖాలు బిగుసుకున్నాయి.

"ఊళ్లెనే గింత నోరు. ఇంట్ల ఎట్లుంటడో!" అంది ఎవరో ముసలావిడ.

మల్లేశం నీలను చూపించాడు. "అక్క నోరిప్పుతలేదు సూడుండ్రి. గా భయమే సాక్ష్యం. పరశురాములూ, వంగు."

"నేను కొట్టలే! మా నీల గూడ గదే అంటది..." అన్నాడు పరశురాములు.

నీల చెయ్యెత్తింది. ఇద్దరూ ఆగారు. ఇంతమంది కళ్లు ఆమె మీద పడ్డాయి. మాట ఇంకా లోపలే ఉంది. ఇప్పుడు రాకపోతే అతని ముక్కు నేలకు తగులుతుంది. మందిలో తిరగకపోతే బతకలేని మనిషి మందికి ముఖం చూపలేడు. నీల మాట వచ్చేదాకా నిలబడింది.

"కొట్టలే తమ్మీ. ఒక్కనాడు సుత కొట్టలే."

పరశురాములు ఛాతీ పొంగింది. "సూసిండ్రా, నేను..."

"నా మాట ఇంక అయిపోలే," అంది నీల.

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"కొట్టలే. కని నా మాట నోట్లెకెల్లి రాకముందే గుంజుకున్నడు. ఏం దింటనో ఆయనే చెప్తడు, ఏడికి వోనో ఆయనే చెప్తడు. లసుమవ్వ అడిగింది, నేను చెప్పెదాంక ఆగలే. నువ్వు అడగనే లేదు తమ్మీ, నాది భయమన్నవు. నేను ఆలోచిస్తున్న, అంతే. నా బదులు మాట్లాడుమని మీకు ఎవలు చెప్పిండ్రు?"

మల్లేశం ముఖం ఎర్రబడింది. లసుమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మల్లేశం గొంతు తగ్గించి, "మరి ఇప్పుడేం జెయ్యాల్నో నువ్వే చెప్పక్కా," అన్నాడు.

ఆమె నోరు తెరిచేలోగా పరశురాములు ముందుకొచ్చాడు. "నీలా, నాతోని ఇంటికొస్తవా? వస్తవు గద..." అని, సగంలో నాలుక కరుచుకుని, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కళ్లు మాత్రం బావిలో పడ్డవాడిలా పైకి చూస్తున్నాయి.

తాను ఇంటికి వెళ్తానని నీలకు తెలుసు. ఏం షరతు మీద వెళ్లాలో మాత్రం ఇంకా లోపల తయారవుతోంది. ఊరంతా ఆమె మాట కోసం ఆగింది. ఆమె తొందరపడలేదు.