అల్లుడి చేతిలో స్క్రూడ్రైవరు

ఇంటికి తాళం వేశాక ఒకటికి రెండుసార్లు లాగి చూసేవాళ్ళు చాలామందే ఉంటారు. తాళాలాయన మూడుసార్లు లాగి, వీధి మలుపు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కొచ్చి నాలుగోసారి లాగుతాడు. నలభై ఏళ్ళుగా తాళాలు బిగిస్తూ, తాళంచెవులు కోస్తూ బతికిన మనిషి. లోకంలో మనుషులు రెండే రకాలని ఆయన నమ్మకం: తాళం వేసుకునేవాళ్ళు, దాన్ని ఎలా తీయాలా అని చూసేవాళ్ళు. సొంత అల్లుడు ఇందులో ఏ రకమో పెళ్ళయి ఆరేళ్ళయినా ఆయనకు తేలలేదు.

తేలకపోవడానికి కారణం లేకపోలేదు. అల్లుడు పనిచేసేది తాళంచెవే అక్కర్లేని తాళాలు అమ్మే కంపెనీలో. తలుపు మీద నాలుగంకెలు నొక్కితే చాలు, తెరుచుకుంటుంది. "పిల్లిని తెచ్చి పాలగిన్నె పక్కన కూర్చోబెడుతున్నావు" అని పెళ్ళికి ముందే కూతురితో అన్నాడు. కూతురు నవ్వేసి ఊరుకుంది. అబ్బాయి మంచివాడని భార్య సర్దిచెప్పింది. మంచివాళ్ళని నమ్మి తలుపులు తీసిన వాళ్ళ ఇళ్ళకే తాను మర్నాడు కొత్త తాళాలు బిగించడానికి వెళ్తుంటానని ఆయన జవాబు.

అలాంటి అల్లుడి చేతికి ఇప్పుడు ఇంట్లో కంప్యూటరు అప్పగించాల్సి వచ్చింది.

అది పదకొండేళ్ళ నాటిది. మీట నొక్కి వెళ్ళి స్నానం చేసి వస్తే, అప్పటికి లేచి కూర్చునేది. లోపల ఫ్యాను ఉబ్బసం మనిషిలా ఆయాసపడేది. ఎంత నీలిగినా ఆయన దాన్ని మార్చలేదు. కానీ మొన్న, ఇంకా పళ్ళు కోయని ఖాళీ తాళంచెవులు అమ్మే సంస్థ వెబ్‌సైటు 'మీ సిస్టమ్ పాతదైపోయింది' అని ఆయన మొహం మీదే తలుపేసింది. తాళాలాయనకి ఎవరైనా అలా తలుపేయడం అదే మొదలు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలి, దాని బరువు మోయడానికి మెమరీ పెంచాలి అని అల్లుడు ఫోనులో చెప్పాడు.

"ఆదివారం వచ్చి నేనే వేసేస్తాను మామయ్యా. ముందు మీ ఫైళ్ళన్నీ నా డిస్కులోకి కాపీ చేసుకుంటాను. ఏదైనా తేడా వస్తే మళ్ళీ ఎక్కించొచ్చు."

నా డిస్కులోకి. ఆ మాట దగ్గరే ఆయనకు ముల్లు గుచ్చుకుంది.

ఎందుకంటే ఆ కంప్యూటరులో చార్టుంది. ఊళ్ళో నాలుగు పెద్ద భవనాల్లో, రెండొందల పన్నెండు తలుపులకి తాళాలు బిగించింది ఆయనే. ప్రతి తాళంలోనూ ఐదు చిన్న పిన్నులుంటాయి, ఒక్కో పిన్ను పొడవుకి ఒక అంకె. ఆ ఐదంకెలు తెలిస్తే తాళం మొహం చూడకుండానే తాళంచెవి కోసేయొచ్చు. ఎవరైనా పోగొట్టుకుని ఫోను చేస్తే ఆయన చార్టు తెరిచి, పావుగంటలో కొత్తది కోసి పట్టుకెళ్ళేవాడు. ఆ నాలుగు భవనాలవాళ్ళూ ఇంకా ఆయన్నే పిలుస్తున్నారంటే అందుకే. చార్టు పోతే ఆయన పని పోయినట్టే. చార్టు బయటపడితే రెండొందల పన్నెండు ఇళ్ళు బార్లా తెరిచి పెట్టినట్టే. మొదట్లో అది నోటుబుక్కులో ఉండేది. ఒంటి వేలితో మూడు నెలలు కూర్చుని కంప్యూటరులోకి ఎక్కించి, ఎవరి కంటా పడకూడదని నోటుబుక్కుని పెరట్లో కాల్చేశాడు. పెన్‌డ్రైవులో ఇంకో కాపీ పెట్టుకోమని కూతురు అంటే, "జేబులో పట్టేది ఎవరి జేబులోనైనా పడుతుంది" అన్నాడు.

పైగా పోయిన నెల ఆ నాలుగింటిలో ఒక భవనానికి అంకెల తాళాల కంపెనీవాళ్ళు వచ్చి వెళ్ళారని కాపలాదారు చెవిలో వేశాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా అనుకున్నాడాయన.

ఖాతాదారులకి ఆయన ఎప్పుడూ ఇచ్చే సలహా ఒకటుంది. విలువైనవి బీరువాలో దాచకండి, దొంగ మొదట తెరిచేది దాన్నే. చెత్తబుట్ట అడుగున పెట్టండి. లోకంలో ఏ దొంగా చెత్త ఎత్తడు. నలభై ఏళ్ళలో ఆ సలహా ఒక్కసారి కూడా వమ్ము కాలేదు. ఆదివారం పొద్దున్నే కూర్చుని, చార్టుని పట్టుకుని తెర మీద మూలనుండే చెత్తబుట్ట బొమ్మలో పెట్టేశాడు. పారేయలేదు, పెట్టాడు. ఆయన దృష్టిలో ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

పదింటికి అల్లుడూ కూతురూ వచ్చారు. అల్లుడి చేతిలో స్క్రూడ్రైవరు, చిన్న అట్టపెట్టె, నల్లటి డిస్కు ఉన్నాయి. ఆయన కళ్ళు ముందు డిస్కు మీద పడ్డాయి.

"ఒక్క షరతు అల్లుడుగారూ" అన్నాడు కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "ఏం నొక్కాలో మీరు చెప్పండి. నొక్కేది మాత్రం నేను. మీ వేలు మీటల మీద పడకూడదు."

"నాన్నా, ఆయనేమైనా బాంబు పెడతారా?" అంది కూతురు.

"పర్లేదులే" అన్నాడు అల్లుడు. "మామయ్య నేర్చుకుంటే మంచిదే."

ఆ మంచితనమే తాళాలాయనకి మింగుడుపడలేదు. అడగ్గానే ఒప్పుకునేవాడు అంతకంటే తేలికైన దారి ఇంకోటి చూసిపెట్టుకునే ఉంటాడు.

కాపీ మొదలైంది. ఫోటోలు, ఉత్తరాలు, బిల్లులు వరసగా నల్ల డిస్కులోకి వెళ్తుంటే ఆయన ఒక్కొక్క పేరే చదువుకుంటూ కూర్చున్నాడు. చార్టు పేరు రాలేదు. లోపల్లోపల మీసం మెలేశాడు.

"ఇవి కాక ఇంకెక్కడైనా ముఖ్యమైనవి ఉన్నాయా మామయ్యా?"

"ఏం లేవు."

"తాళాల పని తాలూకువి?"

చూశావా, సూటిగా అక్కడికే వచ్చాడు. "తాళాల పని నా చేతుల్లో ఉంటుంది అల్లుడుగారూ, కంప్యూటరులో ఉండదు."

అల్లుడు డిస్కు వైరు పీకబోయి ఆగాడు. "మళ్ళీ అడుగుతున్నానని అనుకోకండి. ఒకసారి మొదలుపెట్టాక వెనక్కి రావడం కష్టం."

"ఏం లేవని చెప్పానుగా."

తర్వాత కరెంటు తీసేసి పెట్టె పక్కరేకు విప్పారు. పదకొండేళ్ళ దుమ్ము గుప్పుమంది. అల్లుడు లోపల చెయ్యి పెట్టేముందు పెట్టె ఇనుముని ఒకసారి ముట్టుకున్నాడు. ఎందుకని ఆయన నిలదీశాడు. ఒంట్లో ఉన్న కరెంటు ఇందులోకి దిగిపోతే లోపలి ముక్కలు పాడవవని అల్లుడు చెప్పాడు. ఒంట్లో కరెంటేమిటో ఆయనకి అంతుపట్టలేదు, అయినా ఎందుకైనా మంచిదని తానూ ముట్టుకున్నాడు. పాత మెమరీ ముక్కలు రెండూ ఊడదీసి అల్లుడు చొక్కా జేబులో వేసుకోబోయాడు.

"అవి ఇటివ్వండి."

"ఇవి ఖాళీవి మామయ్యా. కరెంటు పోగానే వీటిలో ఏమీ మిగలదు."

"ఖాళీవైతే నా దగ్గరే ఉండనీండి."

అల్లుడు రెండూ ఆయన అరచేతిలో పెట్టాడు. ఆయన వాటిని రుమాల్లో చుట్టి, ఇనప్పెట్టెలో పెట్టి, తాళం వేసి, మూడుసార్లు లాగి వచ్చాడు.

కొత్త ముక్కలు మాత్రం ఒక పట్టాన కుదరలేదు. అల్లుడు వాటిని నొక్కాడు, ఆయన మీట వేశాడు, కంప్యూటరు మూడుసార్లు కుయ్యిమని ఊరుకుంది. మళ్ళీ నొక్కినా అదే కూత. నా కంప్యూటరుని చంపేశాడురా అనుకుంటూనే తాళాలాయన వంగి చూశాడు. ఒక పక్క చిన్న గొళ్ళెం పూర్తిగా మూసుకోలేదు. ఒక వస్తువు దాని చోట సరిగా కూర్చుందో లేదో ఆ వేళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అల్లుణ్ణి పక్కకి జరిపి రెండు బొటనవేళ్ళతో రెండు కొసలా ఒకేసారి అదిమాడు. టక్కుమంది. ఈసారి కంప్యూటరు కూయలేదు.

"మీ చేతికి పనితనం ఉంది మామయ్యా" అన్నాడు అల్లుడు, నిజంగానే ముచ్చటపడి.

ఆయనకి సంతోషం వేసింది. వేసిన వెంటనే, కాకాపడుతున్నాడేమో అని కూడా అనిపించింది.

కొత్త సిస్టమ్ దిగడానికి లోపల చోటు చాల్లేదు. అక్కర్లేనివి తీసేయాలని తెర మీద ఒక జాబితా వచ్చింది, ఒక్కోదాని ముందు చిన్న గడి. సరిగ్గా అప్పుడే బల్ల మీద అల్లుడి ఫోను వెలిగింది. మీద కంపెనీ పేరు, కింద ఒక వరస. తలకిందులుగా ఉంది, కళ్ళద్దాలు వంటింట్లో ఉన్నాయి. తాళాలాయన కళ్ళు చికిలించి కూడబలుక్కున్నాడు: 'ఆ బిల్డింగు పని ఏమైంది?'

పక్కన అల్లుడు జాబితా చదువుతున్నాడు. "తాత్కాలిక ఫైళ్ళు, పాత అప్‌డేట్లు, డౌన్‌లోడ్ మిగుళ్ళు, చెత్తబుట్టలోవి... ఇవన్నీ తీసేయొచ్చు. మీరు సరే అంటే ఇక్కడ నొక్కండి మామయ్యా."

ఆ బిల్డింగు పని. నా బిల్డింగే. ఇక్కడ నా పక్కన కూర్చుని అక్కడ నా తలుపులు పీకిస్తున్నాడు. ఫోను మీదినుంచి చూపు తిప్పకుండానే ఆయన "ఊఁ" అన్నాడు. అని, చూపుడువేలితో నొక్కాడు.

మిగతా పని దానంతటదే రెండు గంటలు సాగింది. భోజనాల దగ్గర ఆయన అల్లుడితో ముభావంగానే ఉన్నాడు. తిన్నాక మీట నొక్కి చూస్తే కంప్యూటరు రెప్పపాటులో లేచింది. ఆయాసం లేదు, నీలుగుడు లేదు. భార్య చప్పట్లు కొట్టినంత పనిచేసింది. అందరూ ముందుగదిలోకి వెళ్ళేదాకా ఆగి, ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చెత్తబుట్ట తెరిచాడు.

ఖాళీ.

మూసి మళ్ళీ తెరిచాడు. తెల్లటి ఖాళీ. ఆ తర్వాత కోపం వచ్చింది.

"అల్లుడుగారూ" అని కేకేశాడు. ముగ్గురూ వచ్చారు. "నా చార్టు ఎక్కడ పెట్టారు?"

"ఏ చార్టు?"

"నాటకాలొద్దు. రెండొందల పన్నెండు తలుపుల అంకెలున్న చార్టు. చెత్తబుట్టలో పెట్టాను. మీ కంపెనీవాళ్ళు బిల్డింగు పని ఏమైందని అడుగుతున్నారుగా, వాళ్ళకి పంపేశారా?"

అల్లుడు తెర వైపు చూశాడు. ఖాళీ బుట్ట వైపు చూశాడు. మొహంలో రంగు మారింది. "చెత్తబుట్టలోనా?" అన్నాడు నెమ్మదిగా.

కూతురు మొగుడి మీద విరుచుకుపడింది. "ఖాళీ చేసేశారా? చూసుకోవద్దూ? నాన్న ఇన్నేళ్ళ కష్టం అది."

అల్లుడు తలెత్తి మామగారి వైపు ఒక్కసారి చూశాడు. అంతే. 'నేను చదివాను, ఆయన సరేనన్నారు, నొక్కింది ఆయనే' అని అనొచ్చు. అనలేదు. తిట్లు తింటూ నిలబడ్డాడు.

తాళాలాయనకి అప్పుడు గుర్తొచ్చింది. తలకిందులుగా ఉన్న ఫోను, పక్కన ఎవరో ఏదో చదువుతుండటం, తన వేలు. మన వేలితో మన కన్నే పొడుచుకోవడమంటే ఇదే. నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలియదు. కూతురు అల్లుణ్ణే తిడుతుంది, అల్లుడు పడతాడు. ఆ మాట కూడా ఆయనకి తోచింది, తోచినందుకు సిగ్గేసింది.

"ఆయన్ని అనకు" అన్నాడు కూతురితో. "నొక్కింది నేను. ఆయన మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ అబద్ధం చెప్పాను."

అల్లుడే ముందు కదిలాడు, కుర్చీ లాక్కుని సాయంత్రం దాకా పోయిన ఫైలు కోసం వెతికాడు. దొరకలేదు. ఆ చోటులో కొత్త సిస్టమ్ ఎక్కి కూర్చుందని చెప్పాడు.

"బిల్డింగు సంగతి" అన్నాడు ఫోను జేబులో వేసుకుంటూ. "మా వాళ్ళు వెళ్ళిన మాట నిజమే మామయ్యా. అక్కడ మా తాళాలు పెట్టించే పని నన్ను చెయ్యమన్నారు. నేను చెయ్యనన్నాను. అందుకే రోజూ అడుగుతున్నారు. ఇంకెవరినైనా పంపితే నేను ఆపలేను."

ఈ మాట నిజమో కాదో తేల్చుకునే దారి ఏదీ తాళాలాయనకి లేదు. ఏ తాళానికైనా తీసే దారి ఒకటుంటుంది, మనిషి మాటకి ఉండదు. రాత్రంతా అటూ ఇటూ దొర్లాడు.

చార్టు మళ్ళీ తయారు కావాలంటే ఒకటే మార్గం. ప్రతి తలుపు దగ్గరికీ వెళ్ళి, తాళం గొట్టాన్ని విప్పి, పిన్నులు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కొలవాలి. రాయడానికి మూడో చెయ్యి కావాలి. వెనకటికి భార్య వచ్చి రాసేది, ఇప్పుడామె మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. తెల్లారాక ఫోను తీశాడు. ఏం అడగాలో మూడుసార్లు మనసులో అనుకుని, నాలుగోసారి నొక్కాడు. అల్లుడు ఆ పూటకి సెలవు పెట్టి వచ్చాడు.

మొదటి భవనం, మొదటి అంతస్తు, మొదటి తలుపు. ఇంటావిడ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ అనుమానంగా చూస్తోంది. తాళాలాయన మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం విప్పాడు. రెండు చేతులూ నిండిపోయాయి. అల్లుడు పక్కనే నోటుబుక్కు తెరిచి, కలం పట్టుకుని, దాన్ని కాగితం మీద ఆనించకుండా ఆగాడు.

"నాకు చెప్పడం ఇష్టం లేకపోతే వద్దు మామయ్యా. ఇంకెవరినైనా చూద్దాం."

తాళాలాయన మొదటి పిన్నుని కొలిచాడు. ఇరవై ఏళ్ళుగా భార్యకి తప్ప ఇంకెవరికీ వినిపించని అంకె. గుమ్మంలో ఉన్నావిడ వైపు ఓరగా చూశాడు, తర్వాత అల్లుడి వైపు చూశాడు.

"దగ్గరికి రా" అన్నాడు. "ఆవిడ వింటుంది."

అల్లుడు వంగాడు. ఆయన అతని చెవిలో మెల్లిగా చెప్పాడు.

"మూడు. రాసుకో. ఏడు."