కాంతమ్మ కొలతల పుస్తకం

"సోమవారం డెస్క్ వస్తోంది. ఈలోగా ఆ చెత్తంతా తీసేయ్ పార్వతీ," అన్నాడు రఘువీర్, టీ కప్పు సింకులో పెడుతూ. కప్పు కడగలేదు. చెత్త అంటే మేడ మీది చిన్న గదిలో ఉన్న కుట్టు సామాను. అది అతని తల్లి కాంతమ్మది. ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది.

శనివారం పొద్దున్న శివపార్వతి మూడు నల్ల బిన్ బ్యాగులు, చారిటీ షాపుకి పంపడానికి రెండు అట్టపెట్టెలు పట్టుకుని ఆ గది తలుపు తీసింది. ఇంగ్లండులో నార్తాంప్టన్‌లోని ఆ ఇంట్లో ఇంకెక్కడా లేని వాసన అక్కడ ఉంటుంది. మిషను నూనె, అమృతాంజనం, కొత్త గుడ్డల గంజి కలిసిన వాసన. కిటికీ ఎన్ని రోజులు తెరిచిపెట్టినా పోలేదు. ఆ వాసనతో పాటు ఒక చూపు కూడా గదిలో మిగిలిపోయినట్టు ఉంటుంది ఆమెకి. మెడలో టేపు వేసుకుని ఎవరో వెనక నిలబడి తన భుజాల వెడల్పు చూస్తున్నట్టు. గదిలోకి వచ్చిన ప్రతిసారీ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటుంది. ఇవాళా చూసుకుంది.

చీరాలలో నలభై ఏళ్ళు జాకెట్లు కుట్టి కొడుకుని చదివించిన మనిషి కాంతమ్మ. ఇక్కడికి వచ్చాక కూడా చేతులు ఊరుకోలేదు. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఫాల్సు కుట్టింది, జాకెట్లు వదులు చేసింది, పిల్లలకి లంగాలు కుట్టింది. ఆవిడ పోయిన నెల తిరక్కుండానే ఆ సంచులన్నీ శివపార్వతి దగ్గరికి రావడం మొదలుపెట్టాయి. "మా పార్వతి కుట్టిపెడుతుంది లెండి, ఇంట్లో ఖాళీయే కదా," అని రఘువీర్ తెలుగు అసోసియేషన్ ఉగాది ఫంక్షన్‌లో మైకు పట్టుకున్నంత ధీమాగా నలుగురికీ మాట ఇచ్చాడు. వారానికి నాలుగు రోజులు సర్జరీలో, అంటే డాక్టరు క్లినిక్కులో, రిసెప్షన్ పని, మిగతా రోజుల్లో వంట, బట్టలు, కావ్యశ్రీ స్కూలు, అతని లంచ్ బాక్సు. ఇవన్నీ పోను మిగిలిందాన్ని అతను ఖాళీ అంటాడు. ఆమె కూడా కాదనలేదు. కాదనకుండా ఉండడం ఈ గదిలోనే నేర్చుకుంది. ఇదే స్టూలు పక్కన నిలబెట్టి కొలతలు తీస్తూ అత్తగారు చెప్పేది. "గూనిగా నిలబడకు, కొలత తప్పుతుంది. మొగాడు గొంతు పెంచితే మనసులో పెట్టుకోకు. మిషను చప్పుడనుకో."

దారపు ఉండలన్నీ నేల మీద పోసి రంగుల వారీగా విడదీసింది. తుప్పు పట్టిన హుక్కులు ఒక బ్యాగులోకి, పనికొచ్చే ప్రెస్ బటన్లు ఒక డబ్బాలోకి. విరిగిన బాబిన్లు, మొద్దుబారిన కత్తెర, సగం అరిగిన మార్కింగ్ సుద్దముక్కలు. జాకెట్ ముక్కలకి పిన్నులతో గుచ్చిన చీటీలు ఇంకా ఉన్నాయి. మధ్యాహ్నానికి మిషను కింది సొరుగు దాకా వచ్చింది. లైనింగు గుడ్డల అడుగున ఒక పాత పొడుగు నోటుబుక్కు దొరికింది. అట్ట మీద 'కొలతలు' అని అత్తగారి గుండ్రటి చేతిరాత.

పేజీకి ఒక మనిషి. పొడవు, భుజం, ఛాతీ, నడుము, చేతి లూజు. మధ్యలో ఒకచోట 'పార్వతి' అని ఉంది. ఏళ్ళ తరబడి తన ఒళ్ళు అక్కడ అంకెల్లో ఉంది. నవ్వు వచ్చింది మొదట. తర్వాత 2018 నవంబరు దగ్గర వేలు ఆగింది.

"ఛాతీ 33, నడుము 27. మూడు నెలల్లో రెండంగుళాలు తగ్గింది పిల్ల. చేతి లూజు తీయలేదు. పై చెయ్యి కమిలి ఉంది. నాలుగు వేళ్ళ గుర్తులు. వాడివే. అడగాలి."

దాని కింద వేరే రంగు సిరాతో, "అడగలేదు."

ఇంకా కింద, చాలా చిన్న అక్షరాలతో, "వాడి నాన్న వేళ్ళూ ఇంతే."

శివపార్వతి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఏడేళ్ళ కిందట ఆ నవంబరులో ఒక సాయంత్రం, సర్జరీలో ఫుల్‌టైమ్ పోస్టు ఇస్తామన్నారని వంటింట్లో చెప్పింది. అతను చెయ్యి పట్టుకుని మెట్ల కమ్మీకేసి విసిరాడు. మర్నాడు పొద్దున్న చాలా నెమ్మదిగా, "బాత్రూం డోర్ తగిలింది కదూ నీకు? చూసుకుని నడవాలి," అన్నాడు. సర్జరీలో అడిగినవాళ్ళకి ఆమె కూడా డోరనే చెప్పింది. చెప్పగా చెప్పగా తనకే అనుమానం వచ్చింది, నిజంగా డోరేనేమో అని. రెండోసారి జరగలేదు. జరగాల్సిన అవసరం లేకపోయింది. తాళంచెవి తిరిగే చప్పుడుని బట్టి అతని మూడ్ కనిపెట్టడం, ఫుల్‌టైమ్ మాట మళ్ళీ ఎత్తకపోవడం ఆమెకి వచ్చేశాయి. ఏడేళ్ళు తన తలలోనే ఏదో లోపముందని అనుకుంటూ బతికింది.

ఆ నెలలో అత్తగారు కుట్టిచ్చిన జాకెట్ గుర్తొచ్చింది. చేతులు మోచేతి కింది దాకా ఉన్నాయి. "ఈసారి పొడుగ్గా పెట్టాను, ఇక్కడి చలికి బాగుంటుంది," అంది ఆవిడ, మొహం చూడకుండా.

"చూశారన్నమాట," అంది శివపార్వతి ఖాళీ స్టూలుకేసి తిరిగి. "చూసి, గుడ్డ కప్పారు. అంతేనా అత్తయ్యా?"

"మమ్? హూ ఆర్ యూ టాకింగ్ టు?" గుమ్మంలో కావ్యశ్రీ. పధ్నాలుగేళ్ళ పిల్ల. తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. నోటుబుక్కు చూసి, "వాట్ డస్ ఇట్ సే?" అంది.

కొలతలమ్మా, అనబోయింది. మాట నాలుక మీదికి వచ్చి ఆగింది. ఈ పిల్లకి కూడా తను పొడుగు చేతులు కుట్టాలా? మొత్తం చదివి వినిపించింది, చివరి వాక్యంతో సహా.

కావ్యశ్రీ పక్కన కూర్చుని కార్పెట్ పోగులు పీకింది. "ఐ వాజ్ ఆన్ ద స్టెయిర్స్," అంది. నానమ్మ వచ్చి తనని ఈ గదిలోకి ఎత్తుకొచ్చిందట, తలుపు వేసి గుడ్డ లేకుండానే మిషను తొక్కుతూ కూర్చుందట, బయటి మాటలు వినపడకుండా. "షి వాజ్ క్రయింగ్, మమ్. ఐ థాట్ యూ న్యూ దట్ ఐ న్యూ." తనకి తెలుసన్న సంగతి అమ్మకి తెలుసనే అనుకుందట.

తల్లి కూతుర్ని దగ్గరికి తీసుకుంది. ఈ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళకి తెలిసిన ఒకే సంగతిని ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు మోశారు. ఒకావిడ దాన్ని పట్టుకునే వెళ్ళిపోయింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. రఘువీర్ తొంగిచూశాడు. "ఇంకా అవలేదా? లంచ్ సంగతేంటి?"

శివపార్వతి లేచి నోటుబుక్కు అతని చేతిలో పెట్టింది. "మీ అమ్మగారు రాసింది. చదవండి."

చదివాడు. మొహం ఎర్రబడింది. "అమ్మకి చూపు ఆనేది కాదు. ఏదో భ్రమపడి రాసుంటుంది."

"పోయే ముందు వారం కూడా సూదిలో దారం తనే ఎక్కించుకుంది."

"ఇప్పుడెందుకు ఇదంతా, పిల్ల ముందు? ఎప్పటి మాటో." గొంతు పెరిగింది. "ఒక్కసారేగా పార్వతీ!"

ఆ మాట గదిలో నిలబడిపోయింది. అతనికీ వినిపించినట్టుంది, నోటుబుక్కు మిషను మీద పడేశాడు. ఏడేళ్ళుగా ఆమె తలలో డోరా, అతనా అని అటూ ఇటూ ఊగుతున్న అనుమానం ఆగింది. వెనక ఎవరో ఉన్నారన్న దిగులు కూడా లేదు. ఆమె వెనక్కి తిరగలేదు.

"సోమవారం సెలవు పెడుతున్నాను. సొలిసిటర్ దగ్గరికి వెళ్తాను," అంది. "మనం ఇకమీద కలిసి ఉండం. మీ తమ్ముడు మహేశ్‌కి, అసోసియేషన్ వాళ్ళకి ఏం చెప్పుకోవాలో ఈసారి మీరే ఆలోచించుకోండి. నన్ను అడిగినవాళ్ళకి మాత్రం నేను జరిగింది జరిగినట్టే చెప్తాను."