మాణిక్యం ఆగిన మెట్టు

నేను ఒక పాత హార్మోనియంని. ఏలూరులో ఒక వడ్రంగి టేకు చెక్కతో నా పెట్టె చేసి, తిత్తి బిగించి, నాటకాల కోటిలింగానికి అమ్మాడు. ఇంట్లో అతని సాధనకూ, స్టేజీ పక్కన ట్రూపు హార్మోనిస్టు వాయించడానికీ నేనే. నలభై ఏళ్ళు గాలి పీల్చీ వదిలీ అలిసిపోయాను.

కోటిలింగానిది రాజు వేషం, అతని భార్య మాణిక్యానిది రాణి వేషం. యుద్ధానికి వెళ్తూ రాజు పద్యం పాడాలి, వెంటనే రాణి వీడ్కోలు పద్యం అందుకోవాలి. రాణి పద్యానికి బాణీ మాణిక్యమే కట్టుకుంది. రెండూ ఇంచుమించు ఒకే దారిలో నడుస్తాయి. ఆమెది మాత్రం నడుమ నా నిషాదం మెట్టు మీద ఆగి, కాసేపు వణుకుతుంది. రాజు పద్యం, నాటకంలో మిగతావీ ఆ మెట్టు జోలికే పోవు.

మన జనం సంగతి తెలుసుగా! రాజు రాగం దించీ దించకముందే "వన్స్ మోర్!" అని కేకలు. కోటిలింగం పొంగిపోయి మళ్ళీ పాడేవాడు, మూడోసారీ పాడేవాడు. ఆలస్యమైందని కాంట్రాక్టరు సైగ చేస్తే రాణి పద్యం ఎగిరిపోయేది.

"రేపు పాడుదువుగానిలే మాణిక్యం" అనేవాడు కోటిలింగం. రేపూ వన్స్ మోరే.

మాణిక్యం చనిపోయిన ఏడాదికి కూతురు సువర్చల ఫోన్ పట్టుకొచ్చింది. "నాన్నా, అమ్మ పద్యం పాడు, రికార్డు చేసుకుంటా. అమ్మ గొంతు ఎటూ లేదు, బాణీ అయినా ఉండనీ."

"అదెంత పని!" అని తిత్తి కదిపాడు. మొదటి పాదం బానే వచ్చింది. రెండో పాదానికి వేళ్ళు రాజు పద్యంలోకి జారిపోయాయి. మళ్ళీ మొదలెట్టాడు, మళ్ళీ రాజే. వారం రోజులు పొద్దున్నే కూర్చుని వెతికాడు. వెతికినకొద్దీ రాజు పద్యం గట్టిపడింది, రాణిది ఇంకా వెనక్కి పోయింది. పక్కన పెట్టింది పదిలంగా ఉంటుందనుకుంటారు పిచ్చి మనుషులు. ఒకదాన్నే పదే పదే పిలుస్తుంటే పక్కనున్నది అలిగి వెళ్ళిపోతుంది.

ఎనిమిదో రోజు నన్ను మూసి, నా మీద తల ఆనించాడు. "మీ అమ్మ పద్యం నేనే మింగేశానమ్మా" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. బాణీ నాకూ రాదు, వేళ్ళు నడిపితేనే నడుస్తాను. ఆమె ఎక్కడ ఆగేదో మాత్రం తెలుసు.

కోటిలింగమూ పోయాడు. ఇప్పుడు నేనొక మ్యూజియంలో ఉన్నాను. 'రాజు పద్యంతో పేరుపొందిన హార్మోనియం' అని నా పక్కన అట్ట పెట్టారు. అరిగిన మెట్లు చూసి అందరూ ఆహా అంటారు.

మొన్న సువర్చల వచ్చింది. చాలాసేపు నా మెట్లు చూసింది. "ఈ ఒక్కటీ అరగలేదేంటి?" అనుకుంటూ నిషాదం మీదికి వేలు చాచింది.

"ముట్టుకోకూడదమ్మా, బోర్డు చూడలేదా?" అన్నాడు కాపలా ఆయన.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.