గీత మీద చిన్న గాటు

నల్లబల్ల మీద మెట్లు మెట్లుగా దిగే గీత మూడో మెట్టు మీద ఉండగా నెమోతొ గారి సుద్దముక్క విరిగింది. ఆయన వంగి కింద పడ్డ ముక్క తీసుకుని, చేతిని ప్యాంటుకి తుడుచుకుని, నాలుగో మెట్టు గీశారు. ఆ తెల్లమచ్చ ఎంత ఉతికినా పోదు. ఎదురుగా లెక్కలంటే భయపడి జీవశాస్త్రంలో చేరిన పిల్లలు కూర్చుని ఉన్నారు. సరిగ్గా అలాంటి వాళ్ళకు లెక్కలు చెప్పడమే తొయామా కాలేజీలో ఆయన ఉద్యోగం. ఇన్నేళ్ళలో ఇరుపక్షాలూ పెద్దగా సంతోషించింది లేదు.

ఆ రోజు పాఠం కొండమీది కోతుల గురించి. గుంపులో ఒకటి చచ్చినప్పుడల్లా గీత ఒక మెట్టు దిగాలి. కుసునోకి అనే అమ్మాయి గీసింది మాత్రం జారుడుబల్లలా నేలకు దిగిపోయింది.

"ఇన్ని ఎలా పోయాయమ్మా?"

"కనబడలేదు మాస్టారూ. చలికాలమంతా చూశాం. ఇంక చచ్చినట్టే కదా అని..."

వెనక బెంచీలోంచి హిరాబయాషి అందుకున్నాడు. "మా నాన్న జీతాల రోజున పచింకో జూదం ఆడ్డానికి పోయి రెండ్రోజులు కనబడడు. ఆయన్నీ చచ్చాడని రాసెయ్."

"మీ నాన్న కోతుల గుంపులో లేడుగా," అంది కుసునోకి.

"నువ్వు మా ఇంటికి రాలేదులే."

అందరూ నవ్వారు. నెమోతొ గారూ నవ్వారు, కొంచెం ఆలస్యంగా.

"మగకోతులు పెరిగాక గుంపు వదిలి పోతాయని నాకు చెప్పింది మీరే. కనబడకపోవడం వేరు, చావడం వేరు. ఆఖరిసారి చూసిన చోట గీత మీద చిన్న గాటు పెట్టండి. మెట్టు దించొద్దు. అక్కడిదాకా బతికుందని తెలుసు. ఆ తర్వాతది తెలీదు. అంతే."

"ఎన్నాళ్ళు మాస్టారూ?" అంది కుసునోకి. "ఎన్నాళ్ళు అలా ఉంచాలి?"

ఆయన చెప్పబోయి గడియారం చూసుకున్నారు. క్లాసు పది నిమిషాల ముందే వదిలేశారు.

నగర కార్యాలయం గుమ్మంలో ఆయన భార్య తొమోయె ఎదురుచూస్తోంది.

వాళ్ళ ఒక్కతే కూతురు చినాత్సు కనబడకుండా పోయి ఏడేళ్ళు దాటింది. సముద్రం పక్క స్టేషన్లో సైకిలు దొరికింది, మనిషి దొరకలేదు. ఏడేళ్ళయితే చనిపోయినట్టు ప్రకటించమని కోర్టును అడగొచ్చు. తొమోయె అడిగినప్పుడల్లా ఆయన వద్దన్నారు. "నాకు ఏడవడానికి ఒక చోటు కావాలండీ" అంది ఆవిడ పోయిన ఏడాది. ఆ మాటతో ఆయన కోర్టులో అర్జీ పెట్టడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు తీర్పు వచ్చింది. నగర కార్యాలయంలో ఉండే కుటుంబ పట్టీలో ఆ చావు ఎక్కించడమే మిగిలింది.

"తిన్నారా?"

"ఆఁ. నువ్వు?"

"తిన్నాను."

ఇద్దరూ అబద్ధమే చెప్పుకున్నారు.

లోపల ఆయన జేబులోంచి సంతకానికి బదులు వేసే ముద్ర తీసి, కాగితం మీద నొక్కకుండా పట్టుకుని నిలబడ్డారు. "ఇంకొన్నాళ్ళు..." అన్నారు.

తొమోయె ఆయన మోచెయ్యి పట్టుకుంది, వదల్లేదు. ముద్ర వంకరగా పడింది. ఫరవాలేదన్నాడు గుమాస్తా. అలా చినాత్సు ఒక గురువారం సాయంత్రం, కార్యాలయం మూసేలోపు, చనిపోయింది.

ఇంటికొచ్చి తొమోయె అన్నం వండింది. దూరాన ఉన్న మనిషికి కూడా వాళ్ళ గిన్నెలో వడ్డించి మూత పెట్టడం పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలవాటు. భోజనాలయ్యాక మూత తీస్తే లోపల నీటిచుక్కలుండాలి. ఉంటే ఆ మనిషి ఎక్కడో క్షేమంగా ఉన్నట్టు. వేడన్నం మీద పెట్టిన మూతకు చుక్కలు పట్టక ఏమవుతుందని ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు. ఆవిడ మూత ఎత్తే వేళకు తనూ తల తిప్పి, చూడనట్టు చూసేవారు.

ఆ రాత్రీ ఆవిడ చెయ్యి అలవాటు కొద్దీ చినాత్సు గిన్నె మీద మూత పెట్టేసింది. ఇద్దరూ తిన్నారు. తర్వాత ఆవిడ మూత తీసి, లోపలికి చూడకుండానే పక్కన పెట్టి, గిన్నె తీసుకెళ్ళి ఇంట్లోని పెద్దల మందిరంలో అత్తమామల ఫోటోల ముందు ఉంచింది. అక్కడ చనిపోయినవాళ్ళకు పెట్టే అన్నానికి మూత ఉండదు. చిన్న గంట ఒకసారి మోగింది. తర్వాత ఆవిడ ఏడుపు వినిపించింది.

నెమోతొ గారు కూర్చున్నచోటే ఉన్నారు. బల్ల మీద ఎర్రలక్క మూత వెల్లకిలా పడి ఉంది, లోపలంతా నీటిచుక్కలతో.