తూర్పు పక్క డెక్కు

వనజాక్షి అడిగింది ఒక్కటే. "పైన బల్లలు సరే. కింద ఫ్రేము దేంతో చేస్తారు?"

షోరూము యజమాని హరినాథ్ ప్రశ్న ఆమె దగ్గర విని, జవాబు ఆమె భర్త మధుబాబుకి చెప్పాడు. "కింద సంగతి మాకొదిలేయండి సార్. పైకి కనపడేదే కదా ముఖ్యం!"

వాళ్లది నెల్లూరు వైపు కోట అనే ఊరి దగ్గర, సముద్రపు హోరు వినపడేంత దూరంలో కట్టుకున్న కొత్త ఇల్లు. మధుబాబుకి రొయ్యల గుంటలున్నాయి. ఇంటికి తూర్పు పక్కన, వంటగది తలుపు తీస్తే కొంత ఖాళీ చోటు ఉంది. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి నేరుగా అక్కడికే వస్తుంది. మధుబాబు తల్లి గురవమ్మకి ఫ్యాను గాలి పడదు. పగలంతా అక్కడే కూర్చుంటుంది. అత్తా కోడలూ చేపలు కడుక్కునేదీ, బియ్యం ఏరుకునేదీ అక్కడే. ఆ చోట చెక్క బల్లలతో అరుగులాంటి డెక్కు వేయిద్దామన్నది మధుబాబు కోరిక. ఎవరి ఫోన్లోనో చూశాడు. వనజాక్షి కాదనలేదు. ఏ చెక్క వేయాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

హరినాథ్ చూపించింది చెక్కపొట్టు, ప్లాస్టిక్కు కలిపి పోతపోసిన బల్లలు. చెదలు పట్టవు, నీళ్లకు ఉబ్బవు, పాలిష్ అక్కర్లేదు అని ఏకబిగిన చెప్పుకుపోయాడు. మధుబాబు వాటిని నిమిరి నిమిరి చూస్తున్నాడు.

"ఇనప ఫ్రేమేనా?" వనజాక్షి మళ్లీ అడిగింది. "మా గుంటల కాడ నీళ్లు చిలికే ఏరియేటర్లకి ఇనప బోల్టులు వేస్తే ఎంత బిరీన తుప్పు పడతాయో చూస్తానే ఉండాం."

"అది ఉప్పునీళ్లలో ఉండేది, ఇది ఇంటికాడ ఉండేది. రెంటికీ పోలికేందే?" అన్నాడు మధుబాబు.

"మేడంగారు కలర్ సెలెక్ట్ చేస్తారు లెండి సార్," అంటూ హరినాథ్ రంగుల కార్డు ఆమె ముందుకు తోశాడు.

"నాకు రంగు అక్కర్లేదు. ముక్క ఒకటి ఇయ్యండి. ఇంటికి తీసకపోయి నాలుగు రోజులు ఎండలో పెట్టి చూస్తా."

"ఎండబెట్టేదానికి ఇదేమన్నా వడియమా మేడమ్?"

హరినాథ్ నవ్వాడు. అతనితో పాటు మధుబాబూ నవ్వాడు. వనజాక్షి మొహం చిట్లించింది. కొట్టువాడు నవ్వితే ఒక తీరు. గుంటల మీద తుప్పు బోల్టులు విప్పీ విప్పీ చేతులు కోసుకున్న మనిషి, తను అడిగింది నిజమని తెలిసిన మనిషి, పరాయివాడి ముందు నవ్వితే ఏమనాలి? ఆమె కార్డు ముట్టుకోలేదు. రంగు కూడా మధుబాబే ఎంచాడు.

చలికాలంలో డెక్కు వేశారు. చూడటానికి బాగుందని వనజాక్షే ఒప్పుకుంది. మధుబాబు తెలిసినవాళ్లందరికీ ఫోటోలు పంపాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం గురవమ్మ ఎప్పటిలాగే ఉత్త కాళ్లతో దాని మీద అడుగుపెట్టి, కెవ్వుమని వెనక్కి దూకింది.

"పెనం మాదిరి కాల్తా ఉండాది గదరా!"

"చెప్పులేసుకో మా," అన్నాడు మధుబాబు.

"నా ఇంట్లో నేను చెప్పులేసుకోని తిరగాల్నా?"

దానికి అతను పరిష్కారం తెచ్చాడు, ఒక ప్లాస్టిక్ చాప. ఎంచి ఎంచి తెచ్చిన బల్లలు చాప కింద దాక్కున్నాయి. ఆ చాప మీద కూడా పొద్దు వాలేదాకా కూర్చోలేక గురవమ్మ వంటగది గడప దగ్గరే చీరకొంగుతో విసురుకుంటూ గడిపింది. తన గాలి తనకు లేకుండా పోయిందని రోజుకోసారైనా అనేది.

వానలు మొదలయ్యాక బల్లల సందుల్లోంచి ఎర్రటి నీళ్లు కారడం వనజాక్షి చూసింది. భర్తను పిలిచి చూపించింది.

"వానకి అట్నే ఉంటది లే," అన్నాడు అతను, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

వాయుగుండం వాన వెలిసిన మర్నాటి పొద్దున గురవమ్మ దుప్పటి ఆరేద్దామని డెక్కు అంచుకు వెళ్లింది. ఫెళ్లుమన్న చప్పుడుకు వనజాక్షి పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తింది. బల్ల ఒక పక్క కుంగి, అత్త కాలు పిక్కదాకా కిందికి దిగబడి ఉంది. పైకి లాగితే ముసలామె ప్రాణం పోయినంతగా అరిచింది. చీలమండ విరిగింది. నెల్లూరు తీసుకుపోయి కట్టు వేయించారు.

చూడ్డానికి వచ్చినవాళ్లు తలా ఒక మాట అన్నారు. గురవమ్మ తమ్ముడు చెంచయ్య మంచం పక్కన కూర్చుని, "ఈ వయసులో చూసుకోని నడవాల అక్కా," అన్నాడు. వనజాక్షి పళ్లు బిగబట్టుకుంది. తన ఇంట్లో, తన వాకిట్లో, ముసలామె ఇంకేం చూసుకోవాలి? నేల ఉందో లేదో చూసుకోవాలా?

మధుబాబు హరినాథ్‌కి ఫోన్ చేశాడు. స్పీకర్లోంచి ఆ గొంతు గదంతా వినపడింది.

"అయ్యో, అట్లాగా సార్! అమ్మగారు ఎంత వెయిట్ ఉంటారు? ఒకేచోట బరువు పడిందేమో?"

మధుబాబు స్పీకరు ఆపేశాడు. మంచం మీద గురవమ్మ సిగ్గుతో గోడవైపు తిరిగింది. పిడికెడు మనిషి, సిగ్గుపడుతోంది. అది చూసి వనజాక్షికి అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు ఆమె ఒక్కతే నెల్లూరు బస్సెక్కింది. సంచిలో డెక్కు కింది ఇనప పైపు ముక్క ఉంది. దాన్ని ఊడదీయడానికి సుత్తి కూడా అవసరం కాలేదు, చేత్తో విరిస్తే విరిగింది. షోరూములో హరినాథ్ ఎవరో దంపతులకు అవే బల్లలు చూపిస్తున్నాడు. వనజాక్షి పైపు ముక్క తీసి అతని అద్దాల బల్ల మీద పెట్టి వేలితో నొక్కింది. పొట్టు పొట్టుగా రాలింది.

"ఇదీ మీరు మాకొదిలేయమన్న కింద సంగతి."

"మేడమ్, సార్ రాలేదా?"

"నాతో మాట్లాడండి."

"అంటే... సముద్రం గాలి తగిలే ఏరియాలకి వారంటీ వర్తించదు మేడమ్. కంపెనీ రూలు."

వనజాక్షి గోడ మీది పెద్ద బొమ్మ వైపు చెయ్యి చాపింది. అవే బల్లలతో వేసిన డెక్కు, దాని మీద పడక్కుర్చీ, ఎదురుగా అలలతో నీలంగా నీళ్లు.

"అయితే అదేంది? కనిగిరి రిజర్వాయరా?"

దంపతుల్లో భార్య మెల్లగా అడిగింది. "మాక్కూడా కింద ఇనుమేనా అండీ వేసేది?"

అప్పటికి గానీ హరినాథ్ కుర్చీలోంచి లేవలేదు. "కూర్చోండి మేడమ్, కూల్‌డ్రింక్ తెప్పిస్తా. ఫ్రేము కొత్తది వేయిస్తాం..."

"ఇప్పుడు కనపడినానా మీ కంటికి? మా అత్త బరువెంతని అడిగినారే, ఆమె కాలు మీద నిలబడేదానికి ఇంకా ఎన్ని నెలలు పడతాదో అది అడిగినారా? నాకు మీ ఫ్రేమూ వద్దు, మీ బల్లలూ వద్దు. మనుషుల్ని పంపి మొత్తం పీకించుకపోండి. అంతవరకూ ఈ ముక్క ఇక్కడే ఉంటది. వచ్చేవాళ్లందరూ చూస్తారు."

మనుషులు వచ్చారు, పీకి తీసుకుపోయారు. తన తప్పు అని మాత్రం హరినాథ్ ఒక్క మాటా అనలేదు. ఆ సంగతి తలుచుకుంటే వనజాక్షికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఖాళీ చోటు చూసి మధుబాబు అన్నాడు. "పోనీ మంచి టైల్స్ వేయిద్దాం. అద్దం మాదిరి నున్నగా ఉంటాయి."

"వానకి జారి ఆ రెండో కాలూ విరగాల్నా? ఈసారి మీరు గమ్మునుండండి."



ఆమె అడిగి అడిగి ముక్కలు తెప్పించుకుంది. గరుకు గ్రానైటు, ఎర్ర పెంకు, బుచ్చిరెడ్డిపాలెంలో కూలగొట్టిన పాత ఇంటి టేకు. అన్నిటినీ తూర్పు పక్క ఎండలో పరిచింది, గుంటల ఉప్పునీళ్లు చల్లింది, మిట్టమధ్యాహ్నం ఉత్త కాళ్లతో నిలబడింది. కట్టు కాలు చాపుకుని కుర్చీలో కూర్చున్న అత్త దగ్గరికి ఒక్కొక్కటే మోసుకుపోయి, బాగున్న కాలు పెట్టమంది. గ్రానైటు చురుక్కుమంది. పెంకు పర్వాలేదు గానీ తడిస్తే పాచి పట్టేలా ఉంది. టేకు ముక్క మీద గురవమ్మ కాలు పెట్టి తీయలేదు.

"ఇది వేడెక్కినా కరవదు మే. ఇదే వెయ్యి."

కింద ఇనుము లేకుండా ఇటుక దిమ్మెలు కట్టించింది. తుప్పు పట్టని స్టీలు మరలు తనే కొట్టుకు పోయి, అయస్కాంతం పెట్టి చూసి, దానికి అంటుకోనివే తెచ్చుకుంది. నీళ్లు నిలవకుండా బల్లల మధ్య సందు వదిలించింది. ఏటా నూనె పట్టించాలని వడ్రంగి చెబితే సరేనంది. పట్టించుకోనక్కర్లేని వస్తువులంటే ఆమెకు నమ్మకం పోయింది.

గురవమ్మ కర్ర పట్టుకుని నడవడం మొదలెట్టాక చెంచయ్య మళ్లీ వచ్చాడు. కొత్త డెక్కు మీద కూర్చుని కాఫీ తాగుతూ, బల్లలు తట్టి చూసి, "మధూ, ఏం సెలక్షన్‌రా నీది! పాత టేకు పట్టినావే!" అన్నాడు.

వనజాక్షి తలుపు దగ్గర ఆగింది. మధుబాబు కాఫీ వైపు చూస్తూ, "ఏదోలే మామా..." అన్నాడు.

"ఏదో కాదు," అంది వనజాక్షి. గొంతు పెరగకుండా చూసుకుంది, పెరిగింది. "ఇది నేను ఏరింది. ఈయన ఏరింది పీకి పంపించినాం. దాంట్లోనే మీ అక్క కాలు ఇరుక్కునింది. చూసుకోని నడవక కాదు మామా, చూసి వేయక."

చెంచయ్య గ్లాసు కింద పెట్టాడు. మధుబాబు చెవులు ఎర్రబడ్డాయి. "నిజమే మామా. ఈమె మొదట్నుంచీ చెప్తానే ఉండింది. నేను వినలా."

ఈ మాట కోసం ఆమె ఇన్ని నెలలు ఎదురుచూసింది. తీరా వచ్చాక అంత తేలికగా ఏమీ అనిపించలేదు. ముసలామె ఇంకా కుంటుతూనే ఉంది.

"అయిందేదో అయింది. వనజా, ఇట్ట రా, గాలి వస్తా ఉండాది," అని గురవమ్మ పక్కకు జరిగింది.

వనజాక్షి వెళ్లి అత్త పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంది. ఖాళీ గ్లాసులు మధుబాబే లోపలికి తీసుకుపోయాడు.