నా ఫార్గో బండి

"మూడేళ్లు నిద్రాహారాలు మాని దీన్ని నిలబెట్టిన సార్" అని మా ఆయన పెరట్లో చెప్తున్నప్పుడు నేను వంటింట్లో కొర్రమీను ముక్కలకు ఉప్పూ కారం పట్టిస్తున్నాను. కిటికీ తెరిచే ఉంది. వినేది సత్తుపల్లి నుంచి వచ్చిన వెంకటరామారావు గారు. ఆయనకు పామాయిల్ తోటలున్నాయి. తోటలో పెద్ద షెడ్డు, ఆ షెడ్డులో నాలుగు పాతకాలపు పికప్ బండ్లు ఉన్నాయి. ఐదోదాని కోసం తిరుగుతున్నారట. కొత్తగూడెంలో మా క్వార్టర్ వెనక రేకుల కింద ఒకటుందని ఎవరో చెబితే ఆదివారం పొద్దున్నే వచ్చారు. కొర్రమీను ఆయన కోసమే.

నా చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. మూడేళ్లు పట్టిన మాట నిజమే, నిద్ర మానిందీ నిజమే. మానిన మనిషి మాత్రం మా ఆయన కాదు.

2004 వానాకాలంలో, మా ఆఫీసులో ఒకామె గృహప్రవేశానికి బూర్గంపాడు పోతూ బస్సు కిటికీలోంచి చూశాను దాన్ని. మూతపడ్డ కలప డిపో గోడ పక్కన, అడవి తీగలు కప్పేసి, టైర్లు సగం భూమిలో దిగబడి ఉంది. ఫార్గో కంపెనీ పాత పికప్ బండి. గుండ్రటి ముందుభాగం, మధ్యలో కడ్డీతో రెండు ముక్కలైన అద్దం. తర్వాతి స్టేజీలో దిగి పట్టుచీరె కుచ్చిళ్లు పైకి పట్టుకుని బురదలో వెనక్కి నడిచాను. గృహప్రవేశానికి చేరేసరికి విస్తళ్లు ఎత్తేశారు. ఎందుకు దిగావని అడిగినవాళ్లంతా ఏదో ఒక కథ ఆశిస్తారు. మీ నాన్న నడిపిన బండా, చిన్నప్పుడు ఎక్కిన బండా అంటారు. మా నాన్నకు సైకిలు తప్ప ఏ బండీ లేదు. నాకది నచ్చింది. ఒక మనిషికి ఒక వస్తువు మీద మనసు పోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం కావాలని, ఆ మనిషి ఆడది అయినప్పుడే ఎందుకు అనిపిస్తుందో నాకు అర్థం కాదు.

దాని ఓనరు కాంట్రాక్టులు మానేసిన ముసలాయన. మీ ఆయన్ను తీస్కరా మాట్లాడుకుందం అన్నాడు. రెండోసారి పోయినా అదే మాట, మూడోసారీ అదే మాట. నాలుగోసారికి నాతోనే మాట్లాడక తప్పలేదు. నా జీతం బకాయిలు చేతికొచ్చాయి, కొన్నాను. పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం నాది, బొగ్గు గనుల ఆఫీసులో క్లర్కు పని.

బండిని లారీ మీద వేసుకుని తెచ్చిన రోజు మా అత్తమ్మ పుల్లమ్మ గేటు దగ్గరే నిలబడి, కిరాయికి తిప్పుతవా, పత్తి మోస్తవా అని అడిగింది. రెండూ కాదన్నాను. "ఉత్తగ పెట్టుకొని చూస్తందుకా? బంగారం కొంటే ఒంటి మీదన్న ఉండు" అంది. మా ఆయన రవీందర్ అంతకన్నా తెలివైనవాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు, మాటలే ఆయన బతుకుతెరువు. మా ఆమె పాత ఇనుప సామాన్ల దుకాణం పెట్టిందని స్నేహితులకు చెప్పి నవ్వించేవాడు. వాళ్లు నవ్వుతుంటే నేను చాయ్ కప్పులు అందించేదాన్ని. ఆయనకు పేకాట పిచ్చి. ఆదివారాలన్నీ క్లబ్బులోనే గడిచేవి. ఆ ముక్కలు దేనికి పనికొస్తయని ఈ ఇంట్లో ఎవరూ ఏనాడూ అడగలేదు. మొగోడన్నంక కాలక్షేపం ఉండాలె అనేది అత్తమ్మ. నాకు కాలక్షేపం మాట దేవుడెరుగు, కాలమే చిక్కేది కాదు. ఐదింటికి లేచి నీళ్లు పట్టి, వండి, డబ్బాలు కట్టి, పాప హాస్టలుకు పోయేదాకా దాని జడలు వేసి, ఎనిమిదిన్నరకు ఆఫీసు బస్సు. సాయంత్రం మళ్లీ పొయ్యి. వారం మొత్తంలో నావి అని చెప్పుకోగలిగినవి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు. అవి చాలక తెల్లవారుజామున నాలుగింటికే లేచి తుప్పు గీకేదాన్ని.

పాల్వంచ మెకానిక్ మంగీలాల్ మొదట్లో ప్రతిదానికీ, సార్‌కు చెప్త మేడం, మీకు సమజ్ కాదు అనేవాడు. సార్ క్లబ్బులో ఉండేవాడు. మూడో నెలలో కార్బురేటర్ విప్పి బల్ల మీద పరిచి, నా చేతికి పానా ఇచ్చి, మీరే బిగించుండ్రి, మీకే యాదుంటది అన్నాడు. అప్పటి నుంచీ నాకు చెప్పకుండా ఒక్క నట్టు తిప్పలేదు. కిటికీ అద్దం రబ్బరు కోసం విజయవాడ దాకా పోయాను. వెనక తొట్టికి టేకు చెక్కలు నేనే ఎంచాను. ఇంజను మొదటిసారి అందుకున్న రోజు ఇంట్లో ఎవరూ లేరు. సీట్లో కూర్చుని పావుగంట దాన్ని అలాగే వింటూ ఉండిపోయాను. పిలిచి చూపించాలని కూడా అనిపించలేదు.

ఇప్పుడు పెరట్లో వెంకటరామారావు గారు ఒకసారి స్టార్ట్ చెయ్యమన్నారు. మా ఆయన తాళంచెవి తిప్పాడు. ఏమీ కాలేదు. మళ్లీ తిప్పాడు. ఆ బండికి తాళం తిప్పితే చాలదు, కింద ఉన్న మీట కాలితో తొక్కాలి. బ్యాటరీ డౌన్ అయినట్టుంది సార్ అన్నాడు. నేను మజ్జిగ తీసుకుపోయాను. ఆయన నన్ను చూపిస్తూ, "మా ఆమె సార్. కడుగుతది, తుడుస్తది. గంతవరకు చేస్తది పాపం" అన్నాడు. ఆ పాపం అనే మాట నాకు ముల్లులా దిగింది. మజ్జిగ గ్లాసులు అందించి లోపలికి వచ్చేశాను. పదహారేళ్ల కాపురంలో అయిన అలవాటు ఒక్క మాటకు పోదు.

పెరట్లోనే భోజనాలకు కూర్చున్నారు. చేపల పులుసు బాగుందని వెంకటరామారావు గారు రెండుసార్లు అన్నారు. మా ఆయన ఊపు మీదున్నాడు. తిని చేతులు కడుక్కుని, తువాలుతో తుడుచుకుంటూ, బండి మీదే సార్, మాటిచ్చిన, బుధవారం లారీ పంపుండ్రి అన్నాడు. తర్వాత నా వైపు తిరక్కుండానే, "దుర్గా, బీరువల ఆర్సీ బుక్కున్నది, పట్రా" అన్నాడు.

ఎంగిలి పళ్లేలు నా చేతిలోనే ఉన్నాయి. వాటిని అక్కడే నేల మీద పెట్టాను. బీరువా తీసి బుక్కు తెచ్చి, మా ఆయన చాచిన చేతిని దాటి వెంకటరామారావు గారికి ఇచ్చాను. మా పెరట్లో నాలుగు కుర్చీలుంటాయి. మగవాళ్లు వచ్చినప్పుడు నేను వాటిలో కూర్చోగా ఎవరూ చూడలేదు. ఒకటి లాక్కుని కూర్చున్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు. పేరు రెండుసార్లు చదివినట్టున్నారు. "బండి మీదా అమ్మా?"

"నాదే సార్. నేనే కొన్న, నేనే చేయించిన. ఇది అమ్మేది లేదు."

మా ఆయన నవ్వబోయాడు. "ఊర్కే పేరు మీద పెట్టినం సార్. దుర్గా, నేను మాటిచ్చిన. నా ఇజ్జత్ పోతది."

"నా బండి గురించి నన్నడగకుండ మాటెట్ల ఇస్తరు?" అన్నాను. గొంతు పెంచలేదు. అది నాకే ఆశ్చర్యం.

వెంకటరామారావు గారు ఇబ్బందిగా కదిలారు. మంచి మనిషే, కానీ ఆ ప్రశ్న ఆయన నోటినుంచీ రానే వచ్చింది. "ఏమీ అనుకోవద్దమ్మా. ఆడవాళ్లకి ఇదెందుకు చెప్పండి?"

"మీకు నాలుగున్నయి గద సార్. మీకెందుకు?"

ఆయన ఆర్సీ బుక్కు మూసి నాకు తిరిగిచ్చారు. "ఇష్టం అమ్మా" అన్నారు.

"నాక్కూడ గంతే."

లేచి పోయి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. తాళం తిప్పి, కింద మీట తొక్కాను. రెండుసార్లు దగ్గి అందుకుంది. వెంకటరామారావు గారు దగ్గరికొచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. అలా ఆనించి వినే మనిషి నాకు అంతవరకూ తగల్లేదు. అద్దం రబ్బరు ఎక్కడ దొరికిందని అడిగారు. చెప్పాను. తన బండి ఒకదానికి తలుపు గొళ్లెం మూడేళ్లుగా దొరకడం లేదని, అట్లాంటిది నేను ఎలా సాధించానని అడిగారు. మంగీలాల్ చేత పోత పోయించానని చెబితే జేబులోంచి కాగితం తీసి రాసుకున్నారు. మేం అరగంట మాట్లాడుకున్నాం. ఆ అరగంటలో ఆయన ఒక్కసారి కూడా మా ఆయన వైపు చూడలేదు, కావాలని కాదు, అవసరం పడక. పోయేటప్పుడు జనవరిలో ఖమ్మంలో పాత బండ్లవాళ్లంతా కలుస్తున్నారని, నా పేరు రాయిస్తానని చెప్పారు. ఎవరి పేరు అని మా ఆయన అడిగాడు. ఆయన దుర్గగారిదే అని చెప్పి కారెక్కారు.

గేటు మూసి లోపలికి వచ్చానో లేదో అత్తమ్మ, పరాయోని ముందట మొగని ఇజ్జత్ తీసినవ్ అంది. రవీందర్ గడప మీద నిలబడి ఉన్నాడు. నాకు అంత ప్రశాంతమైన కోపం ఆయన ముఖంలో ఎప్పుడూ కనిపించలేదు. "ఈ ఇంట్ల ఆ బండన్న ఉండాలె, నేనన్న ఉండాలె. తేల్చుకో" అన్నాడు.

ఈ క్వార్టర్ నా ఉద్యోగానికి ఇచ్చింది. కిరాయి నా జీతంలోనే కోస్తారు. పదహారేళ్లలో ఆ మాట ఒక్కసారీ నేను అనలేదు, ఆయన మనసు కష్టపడుతుందని. ఇప్పుడు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది అంటే నేను కూడా ఆయన లాగే బెదిరించినట్టవుతుంది. పైగా తేల్చుకోవాల్సింది నేను కాదు.

"బండి ఎటు పోదు" అన్నాను. "మీ సంగతి మీరు ఆలోచించుకోండ్రి. రాత్రికి ఎంతమందికి వండాలో పొద్దుగూకకముందు చెప్తే చాలు."

అత్తమ్మ చీరె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోపమో, ఇంకేదో నేను చూడలేదు. పెరట్లోకి పోయి బానెట్ లేపాను. ఇందాక స్టార్ట్ చేసినప్పుడు దగ్గింది కదా, పెట్రోలు పైపులో మట్టి చేరి ఉంటుంది. విప్పి ఊది చూడాలి. ఆదివారం మూడు గంటలు నావి, అందులో ఒకటి అప్పటికే ఆయన తినేశాడు.

ఎండ రేకుల మీద నుంచి దిగి గోడ ఎక్కింది. లోపల టీవీ పెట్టిన చప్పుడు, కట్టేసిన చప్పుడు. బీరువా తెరిచిన చప్పుడు కూడా వినిపించింది. బట్టలు సర్దుకుంటున్నాడేమో అనుకున్నాను. అయినా పైపు ఊదడం ఆపలేదు. ఆరు కావస్తుండగా వెనక అడుగులు వినిపించాయి. ఆయన చేతిలో సంచి ఏమీ లేదు. బండి పక్కన నిలబడి, టైరును చెప్పుతో మెల్లగా తట్టి, గోడ వైపు చూస్తూ అన్నాడు.

"నాకు గూడ వండు."

నేను పైపును గుడ్డతో తుడుస్తూ అన్నాను.

"నా చేతులకు గ్రీజున్నది. బియ్యం మీరు కడుగుండ్రి."

తర్వాత అడుగులు లోపలికి పోయాయి. డబ్బా మూత తీసిన చప్పుడైంది. వంటింటి కిటికీలోంచి, ఎన్ని గ్లాసులు పొయ్యాలె అని అడిగాడు. పదహారేళ్లు రెండు పూటలా తిన్న మనిషికి ఈ ఇంట్లో ఎన్ని గ్లాసుల బియ్యం పడతాయో తెలియదు.

నేను పానా అందుకుని పైపు బిగించడం మొదలుపెట్టాను.